కొత్త భాగం వేశాక పలకని కంప్యూటర్

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇస్తూ వచ్చిన మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని తర్వాతిదైన విండోస్ 11 పాత ప్రాసెసర్లను అంగీకరించదు. పదేళ్లనాటి డెస్క్‌టాప్ కంప్యూటర్లు ఉన్న ఇళ్లలో దీనితో ఒకే ప్రశ్న తలెత్తింది. కొత్తది కొనాలా, ఉన్నదానికే కొత్త భాగాలు వేయించాలా? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో మాకు తెలిసిన కుటుంబాలు చాలావరకు రెండో దారినే ఎంచుకున్నాయి. ఆడపిల్లల తజ్వీద్ తరగతులు, పరీక్షల దరఖాస్తులు, ఇన్‌పేజ్‌లో కూర్చే ఉర్దూ పెళ్లి పత్రికలు, అనూ అక్షరాలలో వేసే తెలుగు కరపత్రాలు, మస్జిద్ కమిటీ పద్దులు, ఇవన్నీ ఆ పాత డబ్బాల మీదే నడుస్తున్నాయి. ఉన్న వస్తువును బాగుచేసుకొని వాడుకోవడం దుబారాకు దూరమైన పని. దానిని మేము మెచ్చుకుంటాము.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. ర్యామ్ పెంచారు, ఎస్‌ఎస్‌డీ వేశారు, మూత బిగించారు. మీట నొక్కితే చలనం లేదు. దీపం వెలగదు, పంకా తిరగదు. నిన్నటిదాకా నడిచిన యంత్రం ఈ పూట రాయిలా కూర్చుంది. అప్పుడు చుట్టూ ఉన్నవారిలో ఎవరో ఒకరి నోట ‘మదర్‌బోర్డు పోయింది’ అనే మాట వస్తుంది. ఆ మాట ఖరీదు ఏడెనిమిది వేల రూపాయలు. కొన్ని ఇళ్లకు అది నెల జీతం. ఆ మాట ఏ ఆధారంతో పలికారో అడిగేవారు అరుదు. ఈ వ్యాసంలో మేము అడగదలచింది అదే.

ముందుగా ఒక పదం విషయం. మనవాళ్లు మొత్తం డబ్బాను సీపీయూ అంటారు. నిజానికి సీపీయూ అంటే లోపల మదర్‌బోర్డు మీద కూర్చునే ప్రాసెసర్ మాత్రమే. డబ్బా పేరు క్యాబినెట్. ‘సీపీయూ పోయింది’ అని ఇంట్లోవాళ్లు ఫోన్‌లో చెబితే అంగడివాడు ప్రాసెసర్ పోయిందనుకుంటాడు. సగం తగవులు ఇక్కడే పుడతాయి. అలాగే ‘ఆన్ కావడం లేదు’ అనే మాటలో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకటి, అసలు ప్రాణమే లేకపోవడం. రెండోది, పంకాలు తిరుగుతూ, దీపం వెలుగుతూ తెర మీద బొమ్మ రాకపోవడం. వీటి కారణాలు వేరు, పరీక్షించే తీరు వేరు. ఏది మీ పరిస్థితో ముందుగా చూసి చెప్పండి.

మదరసాలలో ఉసూలె ఫిఖహ్ చదువుకున్నవారికి ఈ పని కొత్తది కాదు. ఉస్మానియా ఖిలాఫత్ కాలంలో, 1869 నుంచి 1876 వరకు, హనఫీ ధర్మశాస్త్రాన్ని 1,851 సూత్రాలుగా కూర్చి ‘మజల్లా’ అనే న్యాయ సంహితను రూపొందించారు. అందులో మొదట వచ్చే సాధారణ సూత్రాలు ఏ మదరసా విద్యార్థికైనా పరిచితమైనవే. వాటిలో మూడు మనకు ఇక్కడ పనికివస్తాయి. నిశ్చయంగా తెలిసినది అనుమానంతో తొలగిపోదు అన్నది నాలుగోది. ఉన్నది ఉన్నట్లే కొనసాగుతోందని భావించాలన్నది ఐదోది. కొత్తగా జరిగిన సంఘటనను దానికి అతి దగ్గరి సమయానికే ముడిపెట్టాలన్నది పదకొండోది.

ఈ మూడింటినీ కంప్యూటర్ ముందు పెట్టి చూడండి. నిన్న రాత్రి మదర్‌బోర్డు నడిచింది, ఇది నిశ్చయం. ఈ రోజు అది పోయిందన్నది అనుమానం. రుజువు దొరికేదాకా బోర్డు బాగున్నట్లే లెక్క. కొత్తగా పుట్టిన లోపాన్ని అతి దగ్గరి సంఘటనకు, అంటే మూత తెరిచి చేయి పెట్టిన ఆ గంటకు ముడిపెట్టాలి. ఆ గంటలో ఏది కొత్తగా వచ్చింది? ఏది ఊడింది? చేయి ఏ తీగెకు తగిలింది? వెతుకులాట అక్కడ మొదలుకావాలి.

ఈ పదకొండో సూత్రానికి ఫిఖహ్ గ్రంథాలలో ప్రసిద్ధమైన ఉదాహరణ బావిలో పడి చచ్చిన ఎలుక. అది ఎప్పుడు పడిందో తెలియదు. ఆ నీటితో వుజూ చేసి చదివిన నమాజుల సంగతి ఏమిటి? ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌లు చూసిన సమయం నుంచే లెక్క అన్నారు. ఇమామ్ అబూ హనీఫా మరికాస్త లోతుకు వెళ్లారు: కళేబరం మామూలుగా ఉంటే ఒక పగలు రాత్రి, ఉబ్బి ఉంటే మూడు పగళ్లు రాత్రులు వెనక్కి లెక్కించాలన్నారు. ఉబ్బడం పాతదనానికి ఆనవాలు కదా! కంప్యూటర్‌లోనూ అచ్చంగా ఇదే ఉంది. మదర్‌బోర్డు మీద చిన్న పీపాల్లా నిలబడే కెపాసిటర్లుంటాయి. వాటి నెత్తి చదునుగా ఉండాలి. నెత్తి ఉబ్బి, గోధుమరంగు ద్రవం కారినట్లుంటే ఆ జబ్బు ఈ రోజుది కాదు, నెలల నాటిది. కొత్త భాగం వేసిన రోజున బయటపడిందంతే. అప్పుడు ‘బోర్డు పోయింది’ అనే మాటకు కంటికి కనిపించే సాక్ష్యం ఉంది. సాక్ష్యం చూపి చెప్పినవాడిని నమ్మవచ్చు.

ఇక కారణాలను ఏరే పద్ధతికి ఉసూల్‌లో ‘సబ్ర్ వ తఖ్సీమ్’ అని పేరు. సాధ్యమైన కారణాలన్నింటినీ ముందుగా పేర్చుకోవాలి. ఒక్కొక్కదాన్ని పరీక్షించి, చెల్లనిదాన్ని పక్కకు తీయాలి. చివరికి మిగిలినదే ఇల్లత్, అంటే అసలు కారణం. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలన్నది దీనికి ప్రాణం. ర్యామ్ తీసి, తీగె మార్చి, ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చి, ఆ తర్వాత మీట నొక్కితే యంత్రం నడవవచ్చు. దేనివల్ల నడిచిందో మాత్రం ఎవరికీ తెలియదు. అవసరం లేని భాగానికి కూడా మీరు డబ్బు చెల్లించి ఉంటారు.

కరెంటు గోడ నుంచి ప్రాసెసర్ దాకా వచ్చే దారిని మేము మా విద్యార్థులకు హదీసు సనద్‌తో పోల్చి చెబుతాము. సనద్‌లో రావీలు ఒకరి నుంచి ఒకరు విని చెబుతారు. మధ్యలో ఒక్క కడియం తెగితే ఉల్లేఖనం మన దాకా చేరదు. ఇక్కడ మొదటి రావీ గోడలోని సాకెట్. తర్వాత స్పైక్ బోర్డు లేదా యూపీఎస్, దాని తర్వాత నల్లటి పవర్ తీగె, ఆపై క్యాబినెట్ వెనుక ఉండే ఎస్‌ఎంపీఎస్, అక్కడి నుంచి 24 సూదుల తీగె ద్వారా మదర్‌బోర్డు, చివరగా ముందువైపు మీట. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం సామర్థ్యం 1,650 మెగావాట్లు. దాని చిమ్నీలు మన బస్సు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటాయి. అంత కరెంటు కూడా జానెడు తీగె సరిగా గుచ్చుకోకపోతే అక్కడే ఆగిపోతుంది.

గోడ దగ్గరే మొదలుపెట్టండి. ఆ సాకెట్‌లో సెల్‌ఫోన్ చార్జరో టేబుల్ ఫ్యానో పెట్టి చూడండి. యూపీఎస్ తప్పించి నేరుగా గోడకు పెట్టండి. పవర్ తీగె మార్చి చూడండి. మానిటర్ తీగె సాధారణంగా అదే రకం. ఎస్‌ఎంపీఎస్ వెనుక చిన్న మీట ఒకటి ఉంటుంది. సున్నా, గీత గుర్తులుంటాయి. సున్నా వైపుంటే ఆఫ్. శుభ్రం చేసేటప్పుడు అది నొక్కుకుపోయి, దానికోసం కుటుంబం మొత్తం పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు బస్సెక్కి వచ్చిన సందర్భం మాకు తెలుసు. పాత ఎస్‌ఎంపీఎస్‌లలో 115, 230 అని రాసిన ఎర్ర మీట కూడా ఉంటుంది. మన దేశంలో అది 230 మీదే ఉండాలి. పిల్లల చేత దాన్ని తాకించవద్దు. 115 వైపు జరిపి కరెంటు ఇస్తే ఎస్‌ఎంపీఎస్ పేలుతుంది.

ఇంతవరకు ఇంట్లో ఎవరైనా చేయవచ్చు. మూత తీసే ముందు ప్లగ్ గోడ నుంచి పూర్తిగా తీయాలి, ముందువైపు మీటను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టి లోపల మిగిలిన కరెంటును ఖాళీ చేయాలి. కొన్నిసార్లు ఈ ఒక్క పనికే యంత్రం మేలుకొంటుంది. షార్ట్ అయినప్పుడు ఎస్‌ఎంపీఎస్ తనను తాను ఆపుకొని, ప్లగ్ తీసి కాసేపు ఉంచితే గానీ మళ్లీ తెరుచుకోదు. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎవరూ విప్పవద్దు. దానిలోని పెద్ద కెపాసిటర్లలో దాదాపు 325 వోల్టుల కరెంటు నిలువ ఉంటుంది, ప్లగ్ తీసిన తర్వాత కూడా కొంతసేపు ఉండవచ్చు. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానత్. ఒక ఎస్‌ఎంపీఎస్ ఖరీదుకు దాన్ని పందెం కాయరాదు.

మా ప్రాంతంలో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. జమ్మలమడుగులోని ఒక మదరసా కార్యాలయంలో పాత డెస్క్‌టాప్ ఉంది. వితంతువుల పేర్లు, అనాథ పిల్లల ఫీజులు, జకాత్ పద్దు, విరాళాల పద్దు అన్నీ దానిలోనే. రమజాన్‌కు ముందు దానికి ర్యామ్ పెంచి, ఎస్‌ఎస్‌డీ వేయించారు. మరుసటి రోజు మీట నొక్కితే పలకలేదు. తిరిగి అంగడికి తీసుకువెళితే పది నిమిషాలు చూసి, “హజ్రత్, బోర్డు కాలిపోయింది. మార్చాలి, ఆరున్నర వేలు అవుతుంది” అన్నారు.

నాజిమ్ సాహెబ్ ఆ రాత్రంతా ఆలోచనలో పడ్డారు. సమస్య ఆరున్నర వేలు మాత్రమే కాదు, అది ఏ పద్దు నుంచి తీయాలన్నది. జకాత్ సొమ్ము ఎవరికి చెందాలో సూరె తౌబాలో నిర్ణయమై ఉంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం దానిని అర్హుడైన పేదవాడి యాజమాన్యంలోకి ఇవ్వాలి. కార్యాలయ సామగ్రికి అది చెల్లదు. మిగిలినది విరాళాల పద్దు. అందులో ఉన్నది ఉస్తాదుల జీతాలకు కేటాయించినది. అంటే ఒక మాట తప్పయితే దాని భారం ఒక హాఫిజ్ సాహెబ్ ఇంటి పొయ్యి మీద పడుతుంది.

ఆ మదరసాలోనే చదివి, తర్వాత పాలిటెక్నిక్ చేసిన పులివెందుల అబ్బాయి ఒకడు సెలవులకు వచ్చి ఉన్నాడు. అతడిని పిలిపించారు. మేము కూడా అక్కడే ఉన్నాము. మూత తీసి, కరెంటు ఇచ్చి, అతడు ముందుగా చూసింది మదర్‌బోర్డు మూలన వెలుగుతున్న చిన్న పచ్చ దీపం. చాలా బోర్డులపై ఇలాంటిది ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల నిరీక్షణ కరెంటు వస్తుంటే అది వెలుగుతుంది. “హజ్రత్, ఇక్కడిదాకా సనద్ తెగలేదు” అన్నాడు. గోడ, తీగె, ఎస్‌ఎంపీఎస్ ఆ ఒక్క దీపంతో చాలావరకు అనుమానం నుంచి తప్పుకున్నాయి. మిగిలింది మీట, దాని తీగె, బోర్డు. ముందువైపు మీట నుంచి రెండు సన్నని తీగెలు బోర్డు అంచున రెండు సూదుల మీదకు వస్తాయి. ఆ తీగెను ఊడదీసి, మరచుట్టు మొనతో ఆ రెండు సూదులనూ ఒక్క క్షణం కలిపాడు. పంకాలు తిరిగాయి, తెర మీద బొమ్మ వచ్చింది. అంటే బోర్డు నిర్దోషి. ఎస్‌ఎస్‌డీ తీగెను దూర్చేటప్పుడు మీట తీగె లాక్కుపోయి ఊడితే, దాన్ని తిరిగి పెట్టినవారు ఒక సూది పక్కకు గుచ్చారు. సరైన సూదుల మీద గుచ్చగానే పని పూర్తయింది.

ఈ పరీక్షను ఇంట్లో చేయదలచినవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఏ రెండు సూదులో బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, బోర్డు మీద చిన్న అక్షరాలలో కూడా ముద్రించి ఉంటుంది. అది చదవకుండా ఇనుప మొన పెడితే బాగున్న బోర్డు పోతుంది. తెలియకపోతే తెలిసినవారిని అడగండి. తెలియని విషయంలో ఫత్వా ఇవ్వడం ఎంత తప్పో ఇదీ అంతే.

ఆ రోజు ఇంకొకటి కూడా జరిగింది. అతడికి ఏదైనా ఇవ్వాలని అనుకున్నప్పుడు కమిటీ పెద్ద ఒకరు, “తీగె గుచ్చినందుకు డబ్బేమిటి, దుఆ చేద్దాం” అన్నారు. దుఆ చేయవలసిందే. కానీ మా అభిప్రాయం వేరు, ఆ మాటే అక్కడ కూడా చెప్పాము. బోర్డు మార్చినవాడికి ఆరున్నర వేలు లెక్కపెట్టి ఇవ్వడానికి సిద్ధపడ్డ చేయి, బోర్డు మార్చనవసరం లేదని రుజువు చేసినవాడికి మూడు వందలు ఇవ్వడానికి వెనుకాడుతుంది. మన ఊళ్లలో మరమ్మతు అంగళ్లు పెట్టుకున్న కుర్రాళ్లు ఎందరో మన పిల్లలే. వారు నిజం చెబితే చేతికి ఏమీ రాదు, అబద్ధం చెబితే కమీషన్ వస్తుంది. కొందరు ఆ పరీక్షలో ఓడిపోతున్నారు. దానిలో మన పిసినారితనానికి కూడా వాటా ఉంది. కూలివాడికి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న దైవప్రవక్త (స) బోధను మనం గోడ కట్టే మేస్త్రీకి వర్తింపజేస్తాము. లోపం కనిపెట్టడం కూడా పనే. చూసినందుకు ఇంత అని ముందుగా మాట్లాడుకుని, ఏ భాగమూ అమ్మకపోయినా ఆ సొమ్ము ఇచ్చే అలవాటు మన ఊళ్లలో రావాలి.

రెండో జబ్బుకు వద్దాము. పంకాలు తిరుగుతున్నాయి, బొమ్మ లేదు. ఇక్కడ మొదటి అనుమానం కొత్త ర్యామ్ మీద. డీడీఆర్3, డీడీఆర్4 ర్యామ్‌లకు గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది. ఒకదాని స్థానంలో ఇంకొకటి కూర్చోదు. కూర్చునేదైనా రెండు చివర్లా టక్కుమనే దాకా నొక్కకపోతే అంటుకోదు. కొత్తది తీసి, పాతది ఒక్కటే పెట్టి చూడండి. పాతదానితో నడిస్తే నేరం కొత్తదానిదో, అది కూర్చున్న గాడిదో. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి పాలిష్ యూనిట్ల దుమ్ము ఇళ్లలోకి వస్తూనే ఉంటుంది, ఆ గాళ్లలోనూ చేరుతుంది. ర్యామ్ అంచున మెరిసే పలకలకు పలుచని బంగారు పూత ఉంటుంది. బంగారం చిలుము పట్టదు కాబట్టే దానిని వాడతారు; ప్రొద్దుటూరువాళ్లకు ఇది చెప్పనవసరం లేదు. కానీ దాని మీద వేలిముద్రల జిడ్డు, దుమ్ము పేరుకుంటాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి బట్టతో తుడిస్తే చాలు.

ప్రాసెసర్‌కు విడిగా కరెంటు తెచ్చే 4 లేదా 8 సూదుల తీగె బోర్డు పైమూలన ఉంటుంది. దాన్ని మరచిపోవడం చాలా మామూలు. గ్రాఫిక్స్ కార్డు వేస్తే మానిటర్ తీగె కార్డుకే పెట్టాలి, పాత చోట కాదు. కొత్త ప్రాసెసర్ వేస్తే పాత బోర్డులోని బయోస్ దానిని గుర్తించకపోవచ్చు; పాత ప్రాసెసర్‌తో బయోస్ తాజా చేసి, ఆ తర్వాతే మార్చాలి. బోర్డునే మార్చిన చోట, కింద ఇత్తడి స్టాండ్లలో ఒకటి రంధ్రం లేని చోట మిగిలిపోయి బోర్డు వీపుకు తగిలినా యంత్రం లేవదు. బోర్డును బయటకు తీసి అట్టపెట్టె మీద పెట్టి నడిపితే ఇది తేలిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మోసం ఎక్కువగా ఉన్నది ఇక్కడే. చవక ఎస్‌ఎంపీఎస్‌ల మీద పెద్ద అక్షరాలలో 450 అని ఉంటుంది. అది వాట్లని కొనేవాడు అనుకుంటాడు. చాలాసార్లు అది ఆ సరుకు పేరులోని అంకె మాత్రమే. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గీతకు ఎన్ని ఆంపియర్లో చూడండి. దాన్ని 12తో హెచ్చిస్తే అసలు సత్తువ తెలుస్తుంది. పాత ప్రాసెసర్, ఒక డిస్క్ వరకు అది లాక్కొస్తుంది. గ్రాఫిక్స్ కార్డు వేసిన రోజున మీట నొక్కగానే పంకా ఒక్కసారి కదిలి ఆగిపోతుంది. యూపీఎస్ కూడా అంతే. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది దాదాపు 360 వాట్లు, అదీ బ్యాటరీ కొత్తగా ఉంటే. సూరె ముతఫ్ఫిఫీన్ హెచ్చరిక తూకపు రాళ్లకే పరిమితమని మేము అనుకోము. అంకె వేసి వాట్లని నమ్మించడం కూడా తగ్గించి కొలవడమే.

‘అంగడిలో నడిచింది, ఇంట్లో నడవలేదు’ అనే ఫిర్యాదు పులివెందుల వైపు నుంచి మాకు ఎక్కువగా వస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ప్రొద్దుటూరులో నడిచిన యంత్రం బస్సు వెనుక సీటులో అంత దూరం కుదుపులకు గురై వస్తుంది. బరువైన పంకా, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ ఆ కుదుపులకు గాళ్లలోంచి వెంట్రుకవాసి కదిలితే చాలు. క్యాబినెట్‌ను నిలబెట్టి కాక, బోర్డు కిందికి ఉండేలా పడుకోబెట్టి, కింద దుప్పటి వేసి తీసుకురావాలి. ఇంటికి రాగానే మీట నొక్కక ముందు, ప్లగ్ పెట్టక ముందు, మూత తీసి అన్నింటినీ ఒకసారి నొక్కి చూడాలి.

ఇంట్లోనే ఉండే ఇంకో తేడా ఎర్తింగ్. క్యాబినెట్‌ను తాకితే వేళ్లకు సన్నగా జివ్వుమంటోందని ఆడవారు చెబితే తేలిగ్గా తీసుకోవద్దు. ఎర్త్ లేని సాకెట్‌లో పెడితే ఎస్‌ఎంపీఎస్‌లోని వడపోత కెపాసిటర్ల వల్ల డబ్బా మీదకు గోడ వోల్టేజిలో దాదాపు సగం వచ్చి నిలుస్తుంది. ఆంపియర్లు స్వల్పం కాబట్టి జివ్వుమనడంతో సరిపోతుంది. కానీ ఎస్‌ఎంపీఎస్‌లో ఇన్సులేషన్ దెబ్బతింటే ఆ స్వల్పం స్వల్పంగా ఉండదు. మన నేల వేసవిలో ఎండి నెర్రెలిస్తుంది. ఎర్త్ గుంటలో బొగ్గు, ఉప్పు వేసి వదిలేస్తే చాలదు, నీళ్లు పోస్తూ ఉండాలి. చాలా ఇళ్లలో గుంట ఎక్కడుందో కూడా గుర్తుండదు.

అంగడికి ఇవ్వక తప్పని పక్షంలో ఇరువైపులా హక్కులున్నాయి. నలుగురి దగ్గరా పని తీసుకునే ఇలాంటి వృత్తిదారుడిని ఫిఖహ్‌లో ‘అజీర్ ముష్తరక్’ అంటారు. అతడి చేతిలోని వస్తువు అతడి ప్రమేయం లేకుండా నష్టపోతే ఇమామ్ అబూ హనీఫా దృష్టిలో అది అమానత్, అతడు జవాబుదారీ కాడు. ఆయన శిష్యులిద్దరూ మాత్రం తప్పించుకోలేని విపత్తు అయితే తప్ప అతడే భరించాలన్నారు. అతడి పనివల్లే పాడైతే అతడే చెల్లించాలని ముగ్గురూ అంటారు; చాకలి ఉతుకుడుకు చిరిగిన బట్ట దీనికి పుస్తకాల్లోని ఉదాహరణ. తీగెను తప్పు సూదికి గుచ్చడం ఈ కోవలోకే వస్తుంది. పాత బోర్డును కొత్తదని అమ్మడం వేరే సంగతి. పైన ఎండు ధాన్యం పోసి అడుగున తడిసినది దాచిన వర్తకుడిని దైవప్రవక్త (స) బజారులోనే నిలదీసిన వృత్తాంతం హదీసు గ్రంథాలలో ఉంది. లోపం చెప్పి అమ్మితే పాతది అమ్మడంలో తప్పులేదు.

డిస్క్ విషయంలో మాత్రం మేము గట్టిగా చెబుతాము. యంత్రానికి ప్రాణం లేకపోయినంత మాత్రాన డిస్క్‌లోని సమాచారం పోదు. సాధారణంగా అది చెక్కుచెదరకుండా ఉంటుంది. ‘అంతా పోయింది, ఫార్మాట్ చేయాలి’ అంటే ఒప్పుకోవద్దు. మీట పలకని జబ్బుకు, ఫార్మాట్‌కు సంబంధమే లేదు. ఇంకా ముఖ్యమైనది, ఆ డిస్క్‌లో మీ ఇంటి ఆడవారి ఫోటోలు, నికాహ్ వీడియోలు, ఆధార్ నకళ్లు ఉంటాయి. అనుమతి లేనిదే ఇతరుల ఇంట్లోకి ప్రవేశించవద్దన్న ఆదేశం సూరె నూర్‌లో ఉంది, కూపీలు లాగవద్దన్న ఆదేశం సూరె హుజురాత్‌లో ఉంది. డిస్క్ కూడా ఇల్లే. నాలుగు మరలు విప్పితే అది బయటకు వస్తుంది. దానిని ఇంట్లో బీరువాలో పెట్టి, మిగిలిన క్యాబినెట్‌ను అంగడికి పంపండి. ఆన్ అవుతుందా కాదా అని చూడటానికి డిస్క్ అవసరం లేదు. అత్యవసరంగా పద్దులు కావాలంటే, సాటా డిస్క్‌ను యూఎస్‌బీకి కలిపే చిన్న తీగె కంప్యూటర్ అంగళ్లలో దొరుకుతుంది. దానితో వేరే కంప్యూటర్‌లో తెరుచుకోవచ్చు. జమ్మలమడుగు మదరసావారు మొదటి రోజే ఇది చేసి ఉంటే రమజాన్ జాబితా కోసం అంత ఆందోళన పడనవసరం ఉండేది కాదు.

అంగడివాడికి కాగితం మీద రాసి ఇవ్వండి: చివరిసారి ఏ రోజు నడిచింది, ఏ భాగం వేశారు, పచ్చ దీపం వెలుగుతోందా, పంకా తిరుగుతోందా, ఇంట్లో ఏమేమి మార్చి చూశారు. చూసినందుకు ఎంత, భాగం మార్చాలంటే ముందుగా ఫోన్ చేయాలి, తీసేసిన పాత భాగం తిరిగి ఇవ్వాలి, ఈ మూడూ అదే కాగితం కింద ఉండాలి. బోర్డు పోయిందని చెబితే, “భాయ్, మీ దగ్గరున్న మంచి ఎస్‌ఎంపీఎస్ పెట్టి, ఒక్క ర్యామ్‌తో, మా కళ్ల ముందు ఒకసారి మీట నొక్కండి” అని మర్యాదగా అడగండి. నిజాయితీపరుడు ఆ మాటకు కోపగించుకోడు, స్టూలు జరిపి కూర్చోమంటాడు.